ఒకే విత్తనం, దేశానికో చట్టం

జన్యుమార్పిడి (జీఎం) పంటల గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు వాదనలు వెంటనే వచ్చేస్తాయి. అమెరికా వాళ్లు 30 ఏళ్లుగా తింటున్నారు, వాళ్లకేమైంది అని ఒకరంటారు. యూరప్‌లో నిషేధించారు, ఊరికే నిషేధిస్తారా అని ఇంకొకరంటారు. రెండూ సగం సగం నిజాలే, అందుకే ఈ గొడవ ఎన్నాళ్లైనా తెగదు.

యూరప్ సంగతే చూడండి. అక్కడ మాన్ 810 అనే బీటీ (పురుగుమందును తనలోనే తయారు చేసుకునే) మొక్కజొన్నకు 1998లోనే అనుమతి వచ్చింది, స్పెయిన్ రైతులు దాన్ని ఇప్పటికీ వేస్తున్నారు. పశువుల దాణా కోసం యూరప్ ఓడల కొద్దీ దిగుమతి చేసుకునే సోయాలో ఎక్కువ భాగం జన్యుమార్పిడిదే. కాబట్టి నిషేధం అన్న మాట సరిపోదు. అటు అమెరికాలో ప్రతి జీఎం ఆహారాన్నీ ప్రభుత్వమే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ నిజం కాదు. అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1992లో ఒక విధానం ప్రకటించింది. కొత్త రకం పంట నుంచి వచ్చిన ఆహారం పాతదానితో సమానంగా ఉంటే దానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని దాని సారాంశం. కంపెనీలు తమ డేటా పట్టుకొచ్చి ఎఫ్‌డీఏని సంప్రదిస్తాయి, కానీ ఆ సంప్రదింపు స్వచ్ఛందం. చివర్లో కంపెనీకి వచ్చే ఉత్తరంలో కూడా "ఇది సురక్షితమని మేం తేల్చాం" అని ఉండదు, మాకు ఇంకేమీ ప్రశ్నలు లేవన్నట్టుగా ఉంటుంది. ఆచరణలో కంపెనీలు దాదాపు అన్నీ వెళ్తాయి, నిజమే, కానీ వెళ్లి తీరాలన్న చట్టం ఉండడం వేరు.

అసలు తేడా ఎక్కడుందంటే, చట్టం వేసే మొదటి ప్రశ్నలో. ఈ మొక్కను ఎలా తయారు చేశారు అని అడుగుతుంది యూరప్. 2001 నాటి ఆదేశం ప్రకారం ప్రకృతిలో మామూలుగా జరగని పద్ధతిలో జన్యువును మారిస్తే అది జీఎంఓ, అంటే జన్యుమార్పిడి జీవి, అంతే. మార్పు చిన్నదా పెద్దదా, అందులో ప్రమాదం ఉందా లేదా అన్నవి ఆ తర్వాత వచ్చే సంగతులు. తర్వాత ఫైలు ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్ఎస్ఏకి వెళ్తుంది, అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చూసి అభిప్రాయం చెప్తారు, ఆ అభిప్రాయం మీద సభ్య దేశాలు ఓటేస్తాయి. ఓటింగ్‌లో అటూ ఇటూ కావలసిన మెజారిటీ రాకపోవడమే అక్కడ మామూలు, అప్పుడు నిర్ణయం యూరోపియన్ కమిషన్ నెత్తిన పడుతుంది.

ఆమ్‌ఫ్లోరా బంగాళాదుంప కథ చూస్తే ఈ యంత్రాంగం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. అది తినడానికి చేసింది కాదు, కాగితం పరిశ్రమకు కావలసిన ఒక రకం పిండి పదార్థం కోసం బీఏఎస్ఎఫ్ తయారుచేసింది. అందులో గుర్తు కోసం పెట్టిన యాంటీబయాటిక్ నిరోధక జన్యువు మీద గొడవ నడిచింది, ఫైలు పదేళ్లకు పైగా తిరిగి చివరికి 2010లో అనుమతి దొరికింది. రెండేళ్లకే, 2012లో, యూరప్‌లో జనం ఒప్పుకోవడం లేదని కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత 2013 డిసెంబరులో యూరప్ కోర్టు ఆ అనుమతినే కొట్టేసింది, కమిషన్ సరైన పద్ధతి పాటించలేదని. అప్పటికి పొలాల్లో ఆ దుంప లేనే లేదు. ఈ తలనొప్పి భరించలేక 2015లో కొత్త నియమం తెచ్చారు: అనుమతి యూరప్ మొత్తానికీ వచ్చినా ఏ దేశమైనా తన నేల మీద సాగు వద్దని చెప్పుకోవచ్చు. సగానికి పైగా సభ్య దేశాలు వద్దనే చెప్పాయి. సాగు వద్దన్న ఆ దేశాల్లోకి దాణా మాత్రం వస్తూనే ఉంది.

అమెరికా 1986లోనే వేరే దారి పట్టింది. కొత్త చట్టం ఏదీ చేయకుండా ఉన్న చట్టాలనే ముగ్గురికి పంచింది: మొక్క వ్యవసాయ శాఖకి, ఆహారం ఎఫ్‌డీఏకి, పురుగుమందు గుణం ఉంటే పర్యావరణ సంస్థ ఈపీఏకి. బీటీ మొక్కజొన్న తనలో తానే పురుగుమందు తయారు చేసుకుంటుంది కాబట్టి అది ఈపీఏ దగ్గర పురుగుమందు లెక్కలో నమోదవుతుంది. చెప్పుకోడానికి వస్తువును చూసే పద్ధతి, కానీ లోపల మెలికలున్నాయి. వ్యవసాయ శాఖకి అధికారం వచ్చింది మొక్కల తెగుళ్ల చట్టం నుంచి. జన్యువును మొక్కలోకి చేర్చడానికి అగ్రోబ్యాక్టీరియం వాడితే, అది తెగులు తెచ్చే సూక్ష్మజీవి కాబట్టి, ఆ మొక్క శాఖ పరిధిలోకి వస్తుంది. అదే జన్యువును జీన్ గన్‌తో కొట్టి చేర్చి, తెగులు జీవుల డీఎన్ఏ ఏదీ వాడకపోతే పరిధిలోకి రాకపోవచ్చు. 2016లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్ పద్ధతితో చేసిన, కోసినా త్వరగా నల్లబడని పుట్టగొడుగును తాము నియంత్రించక్కర్లేదని వ్యవసాయ శాఖ ఉత్తరం ఇచ్చింది కూడా ఈ లెక్కనే. 2020లో ఈ నియమాలన్నీ తిరగరాశారు, 2024 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఆ కొత్త నియమాలను కొట్టేసింది, మళ్లీ పాత పద్ధతికే వచ్చారు.

నాకు బాగా నచ్చిన ప్రశ్న కెనడాది. ఎలా చేశారన్నది పక్కన పెట్టి, ఈ మొక్కలో ఇంతకు ముందు లేని గుణం ఏమైనా ఉందా అని అడుగుతారు. ఉంటే, దాన్ని జన్యుమార్పిడితో తెచ్చినా, రేడియేషన్‌తో తెచ్చినా, మామూలు సంకరంతో తెచ్చినా పరీక్ష తప్పదు. కలుపు మందును తట్టుకునే గుణాన్నే తీసుకోండి. దాన్ని ఏ పద్ధతిలో తెచ్చినా పొలంలో జరిగేది ఒకటే, అదే మందు మళ్లీ మళ్లీ కొడతారు, కొన్నేళ్లకు కలుపు మొండికేస్తుంది. జీన్ గన్‌తో వచ్చిందా మామూలు సంకరంతో వచ్చిందా అని కలుపు చూడదు కదా.

అయితే ఎంత మంచి ప్రశ్న వేసినా ఆ జవాబు సరిహద్దు దాటదు. దీనికి సాక్ష్యం కూడా కెనడాదే. సస్కచ్వాన్ యూనివర్సిటీ 1990ల్లో ట్రిఫిడ్ అనే జన్యుమార్పిడి అవిసె రకాన్ని తయారుచేసింది. నేలలో మిగిలిపోయిన కలుపు మందును తట్టుకునే రకం అది. దేశంలో అన్ని అనుమతులూ వచ్చాయి. కానీ కెనడా అవిసెలకు పెద్ద మార్కెట్ యూరప్, యూరప్‌లో దీనికి అనుమతి లేదు. అక్కడి కొనుగోలుదారులు పోతారేమోనన్న భయంతో అవిసె రైతులే పట్టుబట్టి 2001లో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దు చేయించారు, విత్తనాలను వెనక్కి తెప్పించి నాశనం చేశారు. అంతటితో అయిపోయిందనే అనుకున్నారు. 2009లో జర్మనీలో ఆహార పదార్థాల్లో ట్రిఫిడ్ ఆనవాళ్లు బయటపడ్డాయి. ఎవరికీ జబ్బు చేయలేదు, కెనడా లెక్కలో అది సురక్షితమైన గింజే. అయినా యూరప్‌లో అనుమతి లేనిదానికి సహనం సున్నా కాబట్టి కెనడా అవిసె ఎగుమతులు ఒక్కసారిగా పడిపోయాయి. ముందుచూపుతో ఆ రకాన్ని వద్దన్న రైతులే నష్టపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

స్టార్‌లింక్ అనే బీటీ మొక్కజొన్న విషయంలో తప్పు నియంత్రణ సంస్థదే అనిపిస్తుంది. 1998లో ఈపీఏ దీన్ని పశువుల దాణాకు మాత్రమే అనుమతించింది, అందులోని క్రై9సి ప్రోటీన్ త్వరగా అరగదు, అలర్జీ తెస్తుందేమో అన్న అనుమానంతో మనుషుల ఆహారానికి ఒప్పుకోలేదు. పొలం నుంచి గోదాముకి, అక్కడి నుంచి మిల్లుకి వెళ్లే దారిలో గింజ గింజకీ చీటీ ఎవరు అంటిస్తారు? 2000 సెప్టెంబరులో దాని ఆనవాళ్లు టాకో (మొక్కజొన్నపిండితో చేసే తినుబండారం) పెంకుల్లో దొరికాయి. అమెరికా మొక్కజొన్న విస్తీర్ణంలో స్టార్‌లింక్ వాటా ఒక శాతం కూడా లేదు, కానీ వందల సరుకులు వెనక్కి పిలవాల్సి వచ్చింది. అలర్జీ వచ్చిందన్న వాళ్ల రక్తాన్ని వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ పరీక్షించింది, ఆ ప్రోటీన్ వల్లే అనడానికి ఆధారం దొరకలేదు. అయినా ఆ తర్వాత ఈపీఏ దాణాకి ఒక అనుమతి, ఆహారానికి ఒక అనుమతి అని విడదీసి ఇవ్వడం మానేసింది. కాగితం మీద గీసిన గీత గోదాములో కనపడదని వాళ్లకి అప్పుడు తెలిసొచ్చింది.

ఇక చైనా. ప్రపంచంలో సోయా అందరికన్నా ఎక్కువ కొనేది చైనాయే, కాబట్టి చైనా ఎప్పుడు సంతకం పెడుతుందన్నదే చాలా దేశాల్లో రైతు ఏం నాటాలో తేలుస్తుంది. సింజెంటా వాళ్ల మిర్ 162 మొక్కజొన్నకు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది, రైతులు నాటారు. చైనా అనుమతి ఇంకా రాలేదు. 2013 నవంబరు నుంచి చైనా ఓడలను తిప్పి పంపడం మొదలుపెట్టింది, ఏడాది తర్వాత 2014 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఈ మధ్యలో ధర పడిపోయి నష్టపోయామని, చైనా ఒప్పుకోకముందే విత్తనం ఎందుకు అమ్మారని అమెరికా రైతులు కంపెనీ మీద కేసులు వేశారు. 2018లో దాదాపు 150 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ రకం నాటని రైతులకు కూడా నష్టం జరిగింది, ఎందుకంటే గింజలన్నీ ఒకే ఓడలో పోతాయి.

అర్జెంటీనా దీన్నుంచి నేర్చుకుందో, ముందే తెలుసో కానీ, పొద్దుతిరుగుడు జన్యువు పెట్టి కరువును తట్టుకునేలా చేసిన హెచ్‌బీ4 గోధుమకు 2020లో అనుమతి ఇస్తూనే ఒక షరతు పెట్టింది: బ్రెజిల్ కొంటానంటేనే అమ్మాలి. అర్జెంటీనా గోధుమ అందరికన్నా ఎక్కువ కొనేది బ్రెజిల్. బ్రెజిల్ 2021 నవంబరులో ఆ పిండికి ఒప్పుకుంది, 2022లో అర్జెంటీనాలో అమ్మకాలకు దారి తెరుచుకుంది. ఒక దేశపు విత్తన చట్టంలో పక్క దేశపు సంతకం కూడా ఒక షరతు కావడం విడ్డూరంగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో నిజాయితీ కనిపించింది.

కఠినంగా ఉండే దేశాలతో నాకు పేచీ లేదు. వేల రకాల బంగాళాదుంపలకు పుట్టినిల్లయిన పెరూ, జన్యుమార్పిడి సాగు మీద మారటోరియంను (తాత్కాలిక నిలుపుదలను) 2035 దాకా పొడిగించుకుంది. మొక్కజొన్న పుట్టిన మెక్సికో 2025లో ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి జీఎం మొక్కజొన్న సాగు వద్దంది. అంతకు కొన్ని నెలల ముందే దిగుమతుల మీద పెట్టిన ఆంక్షల కేసులో అమెరికా చేతిలో ఓడిపోయింది, అయినా సాగు విషయంలో వెనక్కి తగ్గలేదు. అవునంటే అవును, కాదంటే కాదు. రైతుకి ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది.

అవునూ అనకుండా కాదూ అనకుండా ఏళ్లు గడపడమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిందని నా నమ్మకం. వంకాయ దీనికి సరైన ఉదాహరణ. కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ వంకాయను భారతదేశంలో మహికో తయారుచేసింది. నియంత్రణ సంఘం జీఈఏసీ 2009 అక్టోబరులో సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టి, అందరి మాటా విని, 2010 ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు. విచారణలు పెట్టడం, వచ్చిన అభిప్రాయాలను బయటపెట్టడం గొప్ప పని, అందులో నాకు అనుమానం లేదు. కానీ మారటోరియం అంటే ఇంకా పరీక్షలు చేసి తేలుద్దామని అర్థం. ఇంతవరకూ ఏమీ తేల్చలేదు. అదే జన్యువుతో, అదే కంపెనీ ఇచ్చిన పరిజ్ఞానంతో బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో నాలుగు రకాలకు అనుమతి ఇచ్చింది, 2014 జనవరిలో మొదట 20 మంది రైతులకు నారు పంచింది. సరిహద్దుకి ఇటు ఆగిపోయిన మొక్క అటు పొలాల్లో కాస్తోంది. 2019లో హర్యానాలో ఒక పొలంలో అనుమతి లేని బీటీ వంకాయ దొరికితే అధికారులు పీకించేశారు. అది ఎక్కడి నుంచి వచ్చినా, నాటినవాడికి బిల్లు లేదు, గ్యారంటీ లేదు, ఏదైనా అయితే అడిగే నాథుడు లేడు.

విత్తనం ఎవరి సంతకం కోసమూ ఆగదు. 2001లో గుజరాత్‌లో వేల ఎకరాల్లో అనుమతి లేని బీటీ పత్తి బయటపడింది, 2002 మార్చిలో అధికారిక అనుమతి వచ్చింది. బ్రెజిల్‌లో కోర్టుల్లో కేసులు నడుస్తుండగానే అర్జెంటీనా నుంచి దొంగచాటుగా వచ్చిన సోయా దక్షిణాది రాష్ట్రం అంతా పాకిపోయింది, ఇక చేసేదేం లేక 2003లో ప్రభుత్వం ఆ పంట అమ్ముకోడానికి ఒప్పుకుంది. ఇప్పుడు భారతదేశంలో కలుపు మందును తట్టుకునే పత్తి కూడా అలాగే నడుస్తోంది. డీఎంహెచ్-11 అనే జన్యుమార్పిడి ఆవాల రకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చినా, 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇవ్వడంతో అది మళ్లీ గాలిలోనే వేలాడింది. ఫిలిప్పీన్స్‌లో గోల్డెన్ రైస్ అనే జన్యుమార్పిడి వరికీ ఇదే జరిగింది, 2021లో సాగుకి అనుమతి ఇచ్చారు, 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీళ్ల కోర్టు రద్దు చేసింది. కోర్టులను నేను తప్పు పట్టను. నియంత్రణ సంస్థ తన డేటాను ముందే జనం ముందు పెట్టి ఉంటే ఈ ప్రశ్నల్లో సగం కోర్టుదాకా వెళ్లేవి కావు.

జీన్ ఎడిటింగ్ వచ్చాక పాత గీతలన్నీ చెరిగిపోతున్నాయి. ఇందులో బయటి జన్యువు మిగలకుండా మొక్క సొంత జన్యువులోనే చిన్న కోత పెట్టొచ్చు. ఇలాంటివాటికి విడిగా నియమాలు రాసిన మొదటి దేశం అర్జెంటీనా, 2015లో. జపాన్‌లో గాబా అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే టమాటా, 2020 చివర్లో ప్రభుత్వానికి సమాచారం ఇచ్చి, 2021లో మార్కెట్‌కి వచ్చింది. భారతదేశం 2022లో ఇలాంటి మొక్కలను జీఎం నియమాల నుంచి చాలావరకు మినహాయించింది, 2025 మేలో సాంబ మసూరి నుంచి తీసిన కమల అనే వరి రకాన్ని ప్రకటించింది. యూరప్ కోర్టు మాత్రం 2018 జులై 25న జీన్ ఎడిటింగ్ కూడా జీఎంఓయే అని తేల్చింది. విచిత్రం ఏంటంటే, గింజల మీద రేడియేషనో రసాయనాలో ప్రయోగించి డీఎన్ఏలో ఎక్కడపడితే అక్కడ మార్పులు తెచ్చే పాత పద్ధతికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. అలా పుట్టిన రకాలు ప్రపంచవ్యాప్తంగా 3,000కు పైగా నమోదయ్యాయి. ఎలా చేశారన్న ప్రశ్న పట్టుకుంటే చివరికి తేలేది ఇదే.

అలాగని ఎడిటింగ్ అంటే కళ్లు మూసుకుని వదిలేయమనీ అనను. కొమ్ములు రాకుండా ఎడిట్ చేసిన పశువుల్లో అనుకోని మార్పులేవీ లేవని తయారుచేసినవాళ్లు ప్రకటించారు. 2019లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆ డీఎన్ఏ డేటాను మళ్లీ చూస్తే, ఎడిటింగ్‌కి వాడిన ప్లాస్మిడ్ అనే బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్క, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులతో సహా, పశువు డీఎన్ఏలోనే ఉండిపోయిందని తేలింది. చేసినవాళ్లు అబద్ధం ఆడలేదు, వాళ్లు దానికోసం వెతకలేదు. బయటివాళ్లు వెతికారు కాబట్టి దొరికింది. నియంత్రణ నుంచి నాకు కావలసింది ఇదే: మంచిదని ముద్ర వేయడం కన్నా, చేసినవాడు కానివాడు ఒకడు డేటాను మళ్లీ చూడడం.

లేబుల్ విషయానికొస్తే ఒక్కో దేశానికి ఒక్కో అంకె. అనుమతి ఉన్న జీఎం పదార్థం పొరపాటున కలిసినా 0.9 శాతం దాటితే యూరప్‌లో చెప్పాలి, ఆస్ట్రేలియాలో, బ్రెజిల్‌లో 1 శాతం, అమెరికాలో 5 శాతం. బ్రెజిల్ ప్యాకెట్ల మీద పసుపు త్రికోణంలో నల్లటి టి అక్షరం వేస్తారు, చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టేలా. అమెరికాలో 2022లో తప్పనిసరి చేసినప్పుడు క్యూఆర్ కోడ్ పెడితే చాలన్నారు, డీఎన్ఏ దొరకనంతగా శుద్ధి చేసిన నూనెకీ చక్కెరకీ మినహాయింపు ఇచ్చారు. యూరప్‌లో అదే నూనెకి లేబుల్ ఉండాలి, డీఎన్ఏ దొరికినా దొరకకపోయినా. కానీ జీఎం దాణా తిన్న ఆవు పాలకు అక్కర్లేదు. భారతదేశంలో 2013 నుంచి ప్యాకెట్ మీద జీఎం అని వేయాలన్న నియమం ఉంది, పత్తి గింజల నూనె డబ్బా మీద ఆ రెండక్షరాలు ఎవరైనా చూశారా అని అడగాలనుంది.

ఎడిట్ చేసిన పంటలకు వచ్చేసరికి ఈ అంకెలు కూడా పని చెయ్యవు. మార్పు ప్రకృతిలో దానంతటదే వచ్చిందా, ల్యాబ్‌లో చేశారా అన్నది చాలాసార్లు ఏ పరీక్షా తేల్చలేదు, తూచడానికే ఏమీ లేకపోతే శాతం ఎక్కడిది. యూరోపియన్ కమిషన్ 2023లో పెట్టిన ప్రతిపాదనలో, చిన్న మార్పులున్న మొక్కలను జీఎంఓ చట్టం నుంచి తప్పిస్తూ, విత్తన సంచి మీద మాత్రం ఆ సంగతి రాయాలని, ఒక బహిరంగ రిజిస్టర్‌లో నమోదు చేయాలని ఉంది. ఆహారం మీద లేబుల్ అక్కర్లేదన్న భాగం నాకు నచ్చలేదు. రిజిస్టర్ మాత్రం ప్రతి దేశానికీ కావాలి, ఈ రకాలు మార్కెట్లోకి రాకముందే కావాలి, ఒకసారి గింజలు కలిసిపోయాక ఏది ఏదో చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.